ఎస్టిమేటెడ్ టాక్స్: నిరుటి రిటర్న్ (ఫారం 1040)లో 24వ లైను చూశారా?

అమెరికాలో 1099 (జీతం కాని ఆదాయానికిచ్చే ఫారం) మీద కాంట్రాక్టు చేసేవాళ్లకు, హెచ్-4 ఈఏడీతో (డిపెండెంట్ వీసా మీద వచ్చే వర్క్ పర్మిట్‌తో) కేటరింగో డాన్సు క్లాసులో నడుపుకునేవాళ్లకు పన్ను పట్టుకుని జీతమిచ్చే యజమాని ఉండడు. ఆ పని మనమే, ఏడాది పొడవునా వాయిదాల్లో చేసుకోవాలి; దాన్నే ఎస్టిమేటెడ్ టాక్స్ అంటారు. అక్కడే అపోహలు మొదలవుతాయి.

అపోహ: ఏప్రిల్‌లో మొత్తం ఒకేసారి కట్టేస్తే గొడవ ఉండదు.

వాస్తవం: విత్‌హోల్డింగ్ (జీతంలో ముందే పట్టుకునే పన్ను), రీఫండబుల్ క్రెడిట్లు (పన్ను లేకపోయినా చేతికొచ్చే రాయితీలు) పోను 1,000 డాలర్లు, ఆపైన బాకీ తేలేలా ఉంటే ఏడాది నడుస్తుండగానే వాయిదాల్లో కట్టాలి. ఏ వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో విడివిడిగా లెక్కేస్తారు. పేరుకు పెనాల్టీ, నడక వడ్డీది; 2025లో రేటు ఏడాదికి 7 శాతం. ముందు వాయిదాలు ఎగ్గొట్టి చివర్లో ఎక్కువ కడితే, రీఫండ్ వస్తున్నా ఇది పడొచ్చు.

అపోహ: క్వార్టర్ అంటే మూడు నెలలు.

వాస్తవం: ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) క్యాలెండరు వేరు. జనవరి-మార్చి ఆదాయానికి ఏప్రిల్ 15. ఏప్రిల్, మే రెండు నెలలకే జూన్ 15. జూన్-ఆగస్టుకు సెప్టెంబర్ 15. మిగిలిన నాలుగు నెలలకు మరుసటి జనవరి 15. సెలవు రోజు వస్తే తర్వాతి పనిదినం. ఎక్కువమంది జారిపోయేది జూన్ దగ్గరే: ఏప్రిల్‌లో కట్టాం కదా, ఇక జులైలో చూద్దాం అనుకుంటారు.

అపోహ: ఆదాయం ఎంతొస్తుందో తెలియనప్పుడు ఎంత కట్టాలో ఎలా చెప్తాం?

వాస్తవం: దీనికి జాతకం అక్కర్లేదు, నిరుటి 1040 చాలు. 24వ లైనులో ఉన్న టోటల్ టాక్స్ తీసుకోండి. చాలామంది 37వ లైను చూస్తారు. అది అప్పుడు చేతినుంచి కట్టిన బాకీ మాత్రమే. 24వ లైనులో 18,000 ఉందనుకోండి. నాలుగు వాయిదాల్లో 4,500 చొప్పున గడువులోగా కడితే, ఈ ఏడు ఆదాయం రెట్టింపైనా పెనాల్టీ లేదు. నిరుటి ఏజీఐ (సర్దుబాట్లు పోను తేలే మొత్తం ఆదాయం) 1,50,000 దాటి ఉంటే 110 శాతం, అంటే వాయిదాకు 4,950. కాపాడేది పెనాల్టీ నుంచి మాత్రమే. మిగిలిన పన్ను ఏప్రిల్‌లో కట్టాల్సిందే, ఆ డబ్బు పక్కన ఉంచుకోవాలి. ఆదాయం బాగా తగ్గే ఏడాదైతే ఈ ఏటి పన్నులో 90 శాతం కట్టే దారి ఉంది. డబ్బంతా ఏడాది చివర్లోనే వచ్చినవాళ్లకు పెనాల్టీ లెక్కేసే ఫారం 2210లో షెడ్యూల్ ఏఐ ఉంది; ఆదాయం ఎప్పుడొచ్చిందో దాన్నిబట్టి వాయిదాలు లెక్కేస్తుంది. ఓపిక కావాలి, కానీ పనిచేస్తుంది.

అపోహ: లాభం తక్కువ, స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మినహాయింపు)లోనే పోతుంది.

వాస్తవం: నికర ఆదాయం 400 డాలర్లకు చేరితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ (సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను) మొదలు. స్టాండర్డ్ డిడక్షన్ దాన్ని ముట్టదు. 60,000 లాభంలో 92.35 శాతం 55,410, దానిమీద 15.3 శాతం అంటే 8,478. ఇన్‌కం టాక్స్ దీనికి అదనం.

అపోహ: ఎన్‌ఆర్‌ఈ (ఎన్నారైలకు ఇండియాలో ఉండే ఖాతా) డిపాజిట్ వడ్డీకి పన్ను లేదు.

వాస్తవం: ఇండియాలో లేదు. అమెరికా టాక్స్ రెసిడెంట్‌కు ఇక్కడ ఉంది. హైదరాబాద్ ఫ్లాటు అద్దెకూ ఇక్కడ పన్ను ఉంది, కాకపోతే అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ అడగొచ్చు. ఇవి వాయిదా లెక్కలోకి రావాలి.

అపోహ: వాయిదా తప్పిపోతే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ముందు, తప్పిన సొమ్ము ఎంత త్వరగా కడితే వడ్డీ అంత తగ్గుతుంది. జాయింట్‌గా రిటర్న్ వేసే దంపతుల్లో ఒకరికి డబ్ల్యు-2 ఉద్యోగం (యజమాని పన్ను పట్టుకుని జీతమిచ్చేది) ఉంటే ఇంకో మంచి దారి ఉంది. డబ్ల్యు-4 (యజమానికిచ్చే విత్‌హోల్డింగ్ ఫారం)లో 4(సి) దగ్గర అదనపు మొత్తం రాయించండి. విత్‌హోల్డింగ్ డిసెంబర్‌లో పట్టినా ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే లెక్క. చేత్తో కట్టే వాయిదాకు ఆ సౌకర్యం లేదు. మా ఓటు విత్‌హోల్డింగ్‌కే.

ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లోని డైరెక్ట్ పేలో కట్టేటప్పుడు కారణం దగ్గర ఎస్టిమేటెడ్ టాక్స్, ఫారం 1040-ఈఎస్ ఎంచుకోండి. జనవరి వాయిదాకు పాత సంవత్సరమే పెట్టాలి. చెయ్యి అలవాటుగా కొత్త సంవత్సరం మీదికి పోతుంది, అప్పుడు నాలుగో వాయిదా కట్టనట్టే కనిపిస్తుంది.

రాష్ట్రం వాయిదాలు వేరు. టెక్సస్‌లో ఆ బాధ లేదు. కాలిఫోర్నియాలో మాత్రం నాలుగు సమాన భాగాలు కావు: 30, 40, సున్నా, 30 శాతం.