మెడియా కేసు: కొరింథు పిల్లలు నల్లబట్టలు ఎందుకు కట్టారు?

మెడియా మీద జాలిపడితే పిల్లల హత్యను సమర్థించినట్టేనా? గ్రీకు కవి యూరిపిడిస్ రాసిన ‘మెడియా’ నాటకం ఎక్కడ ఆడినా, ఏ క్లాసులో చెప్పినా ఈ గొడవ లేస్తుంది. అందులో భర్త జేసన్ మెడియాను వదిలేసి గ్రీకు నగరం కొరింథు రాజు క్రియోన్ కూతుర్ని పెళ్లాడతాడు. మెడియా విషం పూసిన కానుకలతో ఆ రాజకుమార్తెనూ రాజునూ చంపి, చివరికి తన పిల్లల్నీ చంపుతుంది. ఇప్పుడు మళ్లీ లేచింది. కన్నబిడ్డల్ని చంపినదానికి న్యాయమేమిటని ఒక వైపు, ఆమెను ఆ గతికి తెచ్చిందెవరని ఇంకో వైపు. బంగారు ఉన్ని కోసం జేసన్ చేసిన ఓడ ప్రయాణం, అతని కోసం ఆమె పుట్టింటిని కాదనుకోవడం అంతకు ముందు కథ, వాటిని వదిలేద్దాం. అసలు చూడాల్సింది పిల్లల హత్య ఆమె మీదికి ఎలా వచ్చిందన్నది.

యూరిపిడిస్ ఈ నాటకాన్ని క్రీ.పూ. 431లో ఏథెన్సులో ఆడించాడు. పోటీలో మూడోది, అంటే ఆఖరి స్థానం వచ్చింది. అయితే కొరింథులో చెప్పుకునే కథ వేరు. క్రియోఫిలస్ అనే పాత రచయిత పేరుతో మిగిలిన ఒక కథనంలో మెడియా రాజు క్రియోన్‌కు విషం పెట్టి, అతని మనుషులకు భయపడి ఏథెన్సుకు పారిపోతుంది. పిల్లలు మరీ చిన్నవాళ్లు, తనతో పరుగెత్తలేరు. అందుకే వాళ్లను హేరా దేవత గుడిలో బలిపీఠం మీద కూర్చోబెట్టింది, తండ్రి కాపాడుకుంటాడన్న నమ్మకంతో. రాజు బంధువులు ఆ పిల్లల్ని చంపేశారు. చంపి, తల్లే చంపిందని ఊరంతా చాటారు.

క్రీ.శ. 2వ శతాబ్దంలో కొరింథు చూడటానికి వెళ్లిన గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాసింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. జేసన్ పెళ్లాడిన రాజకుమార్తె గ్లౌకె పేరున్న నీటి ఊట దగ్గర మెడియా పిల్లల సమాధి ఉంది. వాళ్ల పేర్లు మెర్మెరస్, ఫెరెస్. రాజకుమార్తెకు తల్లి పంపిన కానుకలు మోసుకెళ్లారన్న కోపంతో ఊరివాళ్లే వాళ్లను రాళ్లతో కొట్టి చంపారు. ఆ చావు అన్యాయంగా జరిగింది కాబట్టి ఊళ్లో పసిపిల్లలు వరసగా చనిపోసాగారట. దేవవాక్కు ప్రకారం ఏటా బలులు ఇచ్చారు, భయం పేరుతో ఒక భీకర స్త్రీ విగ్రహాన్ని నిలిపారు. కొరింథు పిల్లలు మెడియా పిల్లల కోసం జుట్టు కత్తిరించుకుని నల్లబట్టలు కట్టేవారు. క్రీ.పూ. 146లో రోమన్లు ఊరిని నేలమట్టం చేశాక ఆ ఆచారం పోయింది.

తన పిల్లలకు ఏటా నల్లబట్టలు కట్టించిన ఊరు ఏదో తప్పు ఒప్పుకున్నట్టే అని నాకనిపిస్తుంది.

హత్యను తల్లి మీదికి మార్చడానికి కొరింథువాళ్లు యూరిపిడిస్‌కు ఐదు టాలెంట్ల లంచం ఇచ్చారని పాత వ్యాఖ్యాతలు రాశారు. ఒక టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి. ఇది నమ్మడం కష్టం. ఆ సంవత్సరమే ఏథెన్సుకూ, కొరింథు ఉన్న కూటమికీ పెద్ద యుద్ధం మొదలైంది. అలాంటి టైములో శత్రువుల పరువు కాపాడే పని అతనికేముంది? నియోఫ్రాన్ అనే కవి ముందే ఇలా రాశాడన్న మాట కూడా ఉంది. ఎవరు మొదలుపెట్టినా, జనానికి గుర్తుండిపోయింది యూరిపిడిస్ మెడియానే.

జేసన్ వాదన కూడా చెప్పాలి. నిన్ను అనాగరిక దేశం నుంచి గ్రీకు నేలకు తెచ్చాను, చట్టం అంటే ఏమిటో ఇక్కడే తెలుసుకున్నావు, ఈ పెళ్లి కూడా పిల్లల మేలు కోసమే అంటాడు. మెడియా అడిగేది ఒక్కటే: చేతిలో చెయ్యి వేసి దేవుళ్ల సాక్షిగా పెట్టిన ఒట్టు ఏమైంది? ఒట్టు తప్పడం గ్రీకులకు దేవుళ్ల రాజు జ్యూస్ దగ్గరికి వెళ్లే నేరం. పైగా ఆ నాటకం చూసిన ఏథెన్సువాళ్లకు సొంత చట్టం ఒకటి ఉంది. క్రీ.పూ. 451లో అక్కడి నాయకుడు పెరిక్లీజ్ తెచ్చిన నియమం ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు పౌరులైతేనే బిడ్డకు పౌరసత్వం. పరాయి ఊరి భార్య గతి ఏమిటో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నాటకంలో బృందంగా ఉండే కొరింథు స్త్రీలు కూడా మొదట, మొగుడి మీద పగ తీర్చుకోవడం న్యాయమే అంటారు. పిల్లల మాట ఎత్తగానే వద్దని బతిమాలతారు.

నాటకంలో చంపేది మెడియానే, అందులో అనుమానం లేదు. లోపలి నుంచి పిల్లల కేకలు వినిపిస్తాయి, అమ్మ చేతుల నుంచి ఎక్కడికి పారిపోవాలని. బయట ఉన్న స్త్రీలు లోపలికి వెళ్దామా, కాపాడదామా అనుకుంటారు. ఒక్కరూ కదలరు. నేను ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

పాత కథ కూడా నాటకంలోంచి పూర్తిగా పోలేదు. పిల్లల్ని శత్రువుల చేతికి వదలనని మెడియా అంటుంది. జేసన్ పరుగెత్తుకొచ్చేది రాజు బంధువులు తన పిల్లల్ని చంపేస్తారన్న భయంతోనే. చివర్లో రథం మీద నుంచి మెడియా, ఈ ఘోర హత్యకు పరిహారంగా కొరింథులో ఇకమీదట ఉత్సవం, కర్మలు జరుగుతాయని ప్రకటిస్తుంది. చంపింది తల్లే అయితే పరిహారం ఊరెందుకు చెల్లించాలి? ఆమె మీద జాలే వద్దంటున్నవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.