నొటేషన్ సాఫ్ట్‌వేర్ తెర మీద తేడాలు: అపోహలు - వాస్తవాలు

స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద నోట్లు రాసే పాశ్చాత్య స్వరలిపి) కంప్యూటర్‌లో టైపు చేయడం, ఇతరులు చేసిన ఫైళ్లను సరిదిద్దడం నా రోజువారీ పని. కీబోర్డు నేర్పే మాస్టార్లు, అమెరికాలో స్కూలు బ్యాండులో వాయించే పిల్లల తల్లిదండ్రులు, చర్చి గాయకబృందాల వాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "స్క్రీన్ మీద ఏదో తేడాగా ఉంది, కంప్యూటర్ పోయిందా?" నిజంగా పోయిన సందర్భాలు అరుదు. తేడా ఎక్కడ పుడుతోందో చూడకుండా జేబులో చెయ్యి పెట్టేవాళ్లే ఎక్కువ.

అపోహ: అయిదు గీతల్లో ఒకటి లావుగా, ఒకటి వెలిసినట్టు కనిపిస్తే మానిటర్ చెడిపోయినట్టే.

ఒకసారి లెక్క వేద్దాం. మామూలు అచ్చు సైజులో అయిదు గీతల మొత్తం ఎత్తు 7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక్కో గీత మందం 0.2 మిల్లీమీటర్ల దరిదాపు. విండోస్ 100 శాతం స్కేలింగ్‌లో అంగుళానికి 96 పిక్సెళ్లు, అంటే మిల్లీమీటరుకు నాలుగు కూడా లేవు. గీతకు దక్కేది ముప్పాతిక పిక్సెల్. తెరకు ముప్పాతిక పిక్సెల్ వెలిగించడం చేతకాదు. గీత ఒకే వరుసలో పడితే నల్లగా వస్తుంది. రెండు వరుసల మధ్య పడితే రెండింటికీ బూడిద రంగు పులుముకుని, లావుగా, వెలవెలబోతూ కనిపిస్తుంది. జూమ్‌ను 100 నుంచి 110కి మార్చి చూడండి, లావు గీత ఇంకోచోటికి పోతుంది. 200 దాటితే తేడా దాదాపు కనబడదు. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) ప్రింటరులో అదే గీతకు నాలుగైదు చుక్కలు దొరుకుతాయి కనుక కాగితం మీద ఈ బాధే లేదు.

అపోహ: మరకలు, మిణుకులు వస్తే మంచి గ్రాఫిక్స్ కార్డు కొనాలి.

నొటేషన్ సాఫ్ట్‌వేర్ వీడియో గేమ్ కాదు. గీసేదంతా గీతలు, అక్షరాలే. ఖర్చు లేని పరీక్షలు రెండున్నాయి. మొదటిది, తేడా కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఫోనుకు పంపుకుని చూడండి. ఫోనులో శుభ్రంగా ఉంటే తప్పు మానిటర్‌దో, కేబుల్‌దో. స్క్రీన్‌షాట్‌లో కూడా ఉంటే సాఫ్ట్‌వేర్‌నో, గ్రాఫిక్స్ డ్రైవర్‌నో అనుమానించాలి. రెండోది, అదే పేజీని పీడీఎఫ్‌గా మార్చి చూడండి. పీడీఎఫ్ బాగుంటే మీ స్వరలిపికి ఏమీ కాలేదు, తెర మీద గీసే చోటే తడబాటు. విండో మొత్తం నల్లబడుతుంటే లేదా మినుకుమినుకుమంటుంటే ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి డ్రైవర్ తాజాది వేసుకోవడం తొలి మందు. నోటు తుడిచినా దాని నీడ మిగిలిపోవడం ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు తెలిసిన జబ్బే. కంట్రోల్, డి కలిపి నొక్కితే తెరను మళ్లీ గీస్తుంది. 2024 ఆగస్టులో దాని అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించారు కనుక కొత్త మరమ్మతుల కోసం ఎదురుచూడకండి.

అపోహ: తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి.

సర్దుకోవు. సెట్టింగులు వేరే ఫోల్డరులో ఉంటాయి, అన్‌ఇన్‌స్టాల్ సాధారణంగా వాటి జోలికి పోదు. మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే హెల్ప్ మెనూలోనే ఫ్యాక్టరీ సెట్టింగులకు తిరిగి వెళ్లే వరుస ఉంది. మీ పాటల ఫైళ్లు చెక్కుచెదరవు. మీరు మార్చుకున్న షార్ట్‌కట్లు, పేలెట్లు (గుర్తుల పెట్టెలు) మాత్రం పోతాయి.

అపోహ: నోట్లు ఎర్రబడితే ఫైలు పాడైనట్టు.

ఇది డిస్‌ప్లే లోపమే కాదు. ఆ వాద్యం మీద ఆ స్వరం పలకదని సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తోంది. పాశ్చాత్య శ్రుతిలో వయొలిన్ చివరి తీగ జి, అంతకంటే కిందికి రాస్తే ఎరుపు. మన కర్ణాటక వయొలిన్ విద్వాంసులు చాలామంది స-ప-స-ప పద్ధతిలో ఆ జి కంటే కిందికే శ్రుతి చేసుకుంటారు. వాళ్లు వాయించింది వాయించినట్టు రాస్తే మంద్రస్థాయిలో జి కంటే కింది స్వరాలన్నీ ఎర్రబడతాయి. పాపం, ఆ సాఫ్ట్‌వేర్‌కు మన శ్రుతి తెలియదు. మ్యూజ్‌స్కోర్‌లో స్టాఫ్ ప్రాపర్టీస్‌కు వెళ్లి వాద్యం పరిధి మార్చవచ్చు, లేదా ప్రిఫరెన్సెస్‌లో ఆ రంగునే ఆపేయవచ్చు. బార్ (రెండు నిలువు గీతల మధ్య గడి) మూలన చిన్న ప్లస్, మైనస్ గుర్తు కనిపించడమూ ఇలాంటిదే. ఆ బార్‌లో మాత్రలు తాళం కంటే ఎక్కువో తక్కువో ఉన్నాయన్న మాట.

అపోహ: గుర్తుల స్థానంలో డబ్బాలు వస్తే ఫైలు పనికిరాదు.

ఫాంటు లేదు, అంతే. 2013లో సంగీత గుర్తుల ఫాంట్లకు స్మఫుల్ (SMuFL) అనే ప్రమాణం వచ్చాక, దాన్ని పాటించే ఫాంట్లలో ఒక్కో గుర్తుకు ఒకే కోడ్ ఉంటుంది, కనుక ఒకదాని బదులు ఇంకొకటి వాడుకోవచ్చు. అంతకు ముందు ఎవరి అమరిక వారిదే. పాత ఫైలు పంపేవారిని పీడీఎఫ్ కూడా జత చేయమనండి.

అపోహ: ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సాహిత్యం (పాట మాటలు) సరిగా రాదు.

మ్యూజ్‌స్కోర్‌లో వస్తుంది. రాకపోవడానికి కారణం ఎక్కువసార్లు మనం ఎక్కించే తీరే. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించిన పాటను కాపీ చేసి అతికిస్తే పిచ్చి ఇంగ్లిషు అక్షరాలు ప్రత్యక్షమవుతాయి, ఎందుకంటే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడ్) కాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. రెండో చిక్కు అక్షరాన్ని విరిచే చోట. "కృష్ణ"ను రెండు నోట్లకు పంచేటప్పుడు కృ, ష్ణ అని విడగొట్టాలి. "కృష్" ఒకచోట, "ణ" ఒకచోట పెడితే పొల్లు బయటపడుతుంది, అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. రాగం సాగదీయడానికి తరువాతి నోటు కింద ఒంటరిగా దీర్ఘం గుర్తు పెడితే చుక్కల సున్నా ఒకటి వచ్చి కూర్చుంటుంది. గుణింతపు గుర్తుకు హల్లు ఆసరా లేదని దాని అర్థం. పదం చివర సాగదీతకు అండర్‌స్కోర్, పదం మధ్యలో అయితే హైఫన్ నొక్కండి. సాహిత్యం ఫాంటును నోటో సాన్స్ తెలుగు లాంటి దానికి మార్చి, వత్తులు కింది స్టాఫ్‌ను తగలకుండా ఎడం కాస్త పెంచండి.

అపోహ: మెనూ నొక్కినా విండో తెరుచుకోకపోతే సాఫ్ట్‌వేర్ స్తంభించినట్టే.

రెండో మానిటర్ తీసేశారా? ఆ విండో లేని తెర మీద తెరుచుకుని ఉండొచ్చు. విండోస్, షిఫ్ట్ కీలు పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కండి. అయినా రాకపోతే ఆల్ట్, స్పేస్, తరువాత ఎమ్ నొక్కి, బాణాలతో లాక్కురండి.