గొంతుకు ‘కరెంటు’ పెడితే మాట పోతుందా?

స్వరపేటిక కేన్సర్ తొలి దశలో ఉందని తేలినవాళ్లు నా ఎదుట కూర్చుని, ఆ బొంగురు గొంతుతోనే అడిగే మొదటి మాట: “నా మాట పోతుందా డాక్టరుగారూ?” నేను రేడియేషన్ వైద్యుణ్ణి, జనం మాటలో ‘కరెంటు’ పెట్టే డాక్టర్ని. గడ్డ స్వరతంతువుల మీద పుట్టి, మెడలో గ్రంథులకు పాకని దశ గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కరెంటు పెట్టడమంటే షాక్ కొట్టినట్టు ఉంటుంది.

పేరు తెచ్చిన తంటా ఇది. ఒంట్లోకి కరెంటు ఏదీ రాదు. వచ్చేవి ఎక్స్‌రేలే, కాకపోతే ఫొటో తీసేవాటికంటే చాలా శక్తి ఉన్నవి. ముందుగా ప్లాస్టిక్ వలలాంటి పలకను వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం నుంచి మెడ దాకా పరుస్తాం. కాసేపటికి అది మీ ముఖం అచ్చులాగే గట్టిపడుతుంది. రోజూ ఆ మాస్కునే బల్లకు బిగిస్తాం. మిషన్ చప్పుడు తప్ప మీకేమీ తెలియదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

“మధ్యలో గుటక పడింది, గురి తప్పిందేమో” అని కంగారుగా బయటికి వచ్చేవాళ్లున్నారు. గుటక వేస్తే స్వరపేటిక పైకి లేచి వెంటనే కిందికి దిగుతుంది. ఆ కదలికకు సరిపడా జాగా చుట్టూ వదిలే ప్లాన్ గీస్తాం. వీలైనంతవరకు మింగకండి. మింగినా కొంప మునగదు.

అపోహ: రేడియేషన్‌తో ఉన్న గొంతు కూడా పోతుంది.

స్వరపేటికను తీసేయకుండా కాపాడుకోవడానికే ఈ చికిత్స. గడ్డ తంతువుల మీదే ఉంటే (టీ1) పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అక్కడి కేన్సర్ అదుపులోకి వస్తుంది. కాస్త పైకో కిందికో పాకినా, తంతువు కదలిక మందగించినా (టీ2) ఆ సంఖ్య ఏడెనిమిది దగ్గర ఉంటుంది.

అయితే ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి గొంతు ఇంకా పాడవుతుంది. మింగితే మంట, మెడ మీద చర్మం ఎర్రబడటం, మాట గుసగుసలోకి దిగడం మామూలే. “బాగవుతుందని వస్తే ఉన్నదీ పోయింది” అని సరిగ్గా ఇక్కడే కొందరు మానేస్తారు. ఈ జబ్బులో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే. పొర ఒరిసిపోయి వాచింది కాబట్టి ఆ బాధ. చికిత్స అయ్యాక వారాల్లో మంట తగ్గుతుంది, రెండు మూడు నెలల్లో గొంతు తేరుకుంటుంది. చాలామందికి మొదటికంటే మెరుగ్గానే.

అపోహ: మొత్తం సిట్టింగులు పూర్తయితే చాలు, మధ్యలో నాలుగు రోజులు ఆగితే ఏం?

మీరు ఆగినా మిగిలిన కేన్సర్ కణాలు ఆగవు, పెరుగుతూనే ఉంటాయి. జపాన్ వైద్యులు 2006లో ప్రచురించిన అధ్యయనం చూడండి. అందరూ టీ1 రోగులే. రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్) చొప్పున మొత్తం 60 లేదా 66 గ్రే తీసుకున్నవాళ్లలో అయిదేళ్లకు 77 శాతం మందికి గడ్డ అదుపులో ఉంది. రోజుకు 2.25 గ్రే చొప్పున 56.25 లేదా 63 గ్రేతో త్వరగా ముగించినవాళ్లలో 92 శాతం మందికి. మొత్తం డోసు తక్కువే! రోజు మోతాదు పెరిగింది, వ్యవధి తగ్గింది. సెలవో, మిషన్ రిపేరో వచ్చి ఒక రోజు పోతే దాన్ని ఎలా సర్దుబాటు చేస్తారో మీ డాక్టర్‌ని అడగండి. మొహమాటపడొద్దు.

అపోహ: జుట్టు ఊడుతుంది, పిల్లల్ని ఎత్తుకోకూడదు.

తల జుట్టుకు ఏమీ కాదు, మెడ దగ్గర గడ్డం పలచబడొచ్చు. ఎత్తుకోండి, మిషన్ ఆగాక మీ ఒంట్లో రేడియేషన్ మిగలదు.

అపోహ: మెడంతా కాలిపోతుంది, నోరు ఎండిపోతుంది.

కేన్సర్‌ను మెడ గ్రంథులకు మోసుకెళ్లే లింఫ్ నాళాలు స్వరతంతువుల్లో చాలా తక్కువ. అందుకే మెడంతా కాకుండా అయిదారు సెంటీమీటర్ల చదరం సరిపోతుంది. పెద్ద లాలాజల గ్రంథులు దాదాపు దాని బయటే ఉంటాయి. గడ్డ తంతువులకు పైభాగంలో పుడితే మాత్రం లెక్క మారుతుంది, మెడ గ్రంథులకూ పెట్టాలి.

అపోహ: ముక్క పరీక్షలో ఏమీ లేదన్నారు, ఇక భయం లేదు.

జర్మనీ చక్రవర్తి మూడో ఫ్రెడరిక్‌కు 1887లో గొంతు బొంగురుపోయింది. తీసిన ముక్కల్లో ఆనాటి పాథాలజీ మహామహుడు విర్కోకే కేన్సర్ కనబడలేదు. సింహాసనం ఎక్కేనాటికి ఆయన మాట పోయింది, చీటీల మీద రాసి చూపించేవాడు. 99 రోజులు ఏలి 1888లో చనిపోయాడు. ఎక్స్‌రేలు కనిపెట్టింది 1895లో, అంటే ఆయనకు ఈ చికిత్స దొరికే వీలే లేదు. ముక్క సరైన చోట నుంచి రాకపోతే రిపోర్టు ఏం చెబుతుంది? బొంగురు మూడు వారాలు దాటితే స్కోపు (గొట్టం కెమెరాతో గొంతు లోపల చూడటం), అనుమానం తీరకపోతే మళ్లీ ముక్క పరీక్ష (బయాప్సీ).

అపోహ: వచ్చేది వచ్చింది, ఇప్పుడు సిగరెట్ మానితే ఏం లాభం?

రేడియేషన్ బాగా పనిచేయాలంటే గడ్డకు ఆక్సిజన్ అందాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో దాని చోటు ఆక్రమిస్తుంది. గొంతు బాగై, తర్వాత ఊపిరితిత్తుల కేన్సర్‌తో వచ్చినవాళ్లను చూశాను.

అపోహ: గొంతు బాగైంది, ఇక స్కోపు ఎందుకు?

తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అదే చోట మళ్లీ అంత రేడియేషన్ మామూలుగా కుదరదు కానీ ఆపరేషన్ దారి ఉంటుంది. తొందరగా పట్టుకుంటే కొందరికి స్వరపేటికలో కొంత భాగం తీస్తే సరిపోతుంది, ఆలస్యమైతే మొత్తం తీయాల్సి రావొచ్చు.