రాజే కదా, ఎవరు అడ్డం?

బ్రాడీపేట,
గుంటూరు.

అమ్మలూ, చిన్నోడా,

ఇద్దరికీ అమ్మమ్మ దీవెనలు. మీరు హైదరాబాద్ వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయిందని రాయాలి గానీ, నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులూ హాయిగా నిద్రపోయాను. మూడో రోజు నుంచే తోచలేదు. అందుకని మీరు నా ఫోన్లో సగంలో వదిలేసి వెళ్ళిన ఆ కొరియా సీరియల్ మిగతాది చూడటం మొదలుపెట్టాను. నీళ్ళ చెంబుకి ఆనిస్తే ఫోను జారిపోతోందని బియ్యం డబ్బాకి ఆనించుకున్నాను. కింద వచ్చే ఇంగ్లీషు ముక్కలు చదవడానికి అడుగడుక్కీ ఆపుకుంటూ, మొత్తానికి అయిందనిపించాను.

మొన్న ఫోన్లో అమ్మలు అడిగింది గుర్తుందా? "అమ్మమ్మా, రాజుకి ఆ పనిపిల్లంటే అంత ఇష్టం కదా, మరి రాణిని ఎందుకు చెయ్యలేదు? రాజే కదా, ఎవరు అడ్డం?" అని. నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ ఫోను లాగేసుకుంది, కూర మాడిపోతోందని. సరే, కాగితం మీద అయితే ఎవరూ లాక్కోరు కదా అని రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళ పైన పెన్షన్ల సెక్షన్లో పనిచేశానని మీకు తెలుసు. అంతఃపురాల సంగతి పెన్షన్ల గుమస్తాకి ఏం తెలుస్తుంది అనుకోకండి. నాకు తెలిసినంత బాగా ఆ సీరియల్ తీసిన వాళ్ళకి కూడా తెలిసుండదు. ఒకసారి ఒకాయన పోయాడు. వారం తిరక్కుండా ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఒకావిడ పేరు సర్వీసు రిజిస్టర్లో ఉంది. రెండో ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఆయన చివరి పదిహేనేళ్ళూ ఉన్నది ఈ రెండో ఆవిడ దగ్గరే, ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉన్నదీ ఈవిడే. ప్లాస్టిక్ కవర్లో గుళ్ళో దండలు మార్చుకున్న ఫోటో, గ్యాస్ బుక్కు, మందుల చీటీలు తెచ్చి నా బల్ల మీద ఒక్కొక్కటే పరిచింది. పక్కన పిల్లాడు, మన చిన్నోడంత ఉంటాడు, స్కూలు సంచీ దించకుండా గోడ మీద నోటీసులు చదువుకుంటున్నాడు.

"అమ్మా, ఆయన మీ పేరు ఎక్కడైనా రాశారా?" అని అడిగాను.

"వీధిలో అందరికీ తెలుసు కదండీ, మళ్ళీ రాయాలా?" అంది.

అమ్మలూ, నీ ప్రశ్నకి జవాబు ఆ మాటలోనే ఉంది. ఇప్పుడు కొరియా వెళదాం.

సీరియల్లో అమ్మాయి కల్పన కాదు, నిజంగా ఉన్న మనిషే. ఇంటిపేరు చ్వే. మూడు వందల ఏళ్ళ కిందట సుక్‌జోంగ్ అనే రాజు దగ్గర ఉండేది. అంతఃపురంలో నీళ్ళు మోసే పనిపిల్లగా చేరిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ దేశంలో పైన యాంగ్‌బాన్ అని పెద్దింటి వాళ్ళు, అన్నిటికంటే కింద బానిసలు, పనివాళ్ళు. కింద పుట్టినవాడు పైకి రావడానికి దారి దాదాపు లేదు. అలాంటి చోట ఆ పిల్ల రాజు కంట్లో పడింది.

అక్కడి అంతఃపురం అచ్చంగా మా ఆఫీసులాగే ఉండేదర్రా. రాణి కింద రాజుగారి ఆడవాళ్ళకి ఎనిమిది మెట్లు. అట్టడుగున సుక్‌వోన్, అన్నిటికంటే పైన బిన్. ఏ మెట్టుకి ఏ పేరో చట్టంలో రాసి ఉండేది. మన చ్వేకి 1693లో సుక్‌వోన్ ఇచ్చారు, 1699కల్లా బిన్ అయింది. ఆరేళ్ళలో ఎనిమిది మెట్లు! జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంట్ కావడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. అందుకే అంతఃపురంలో ఆవిడంటే అందరికీ అంత కడుపుమంట.

కానీ రాణి ఆ ఎనిమిది మెట్లకి పైనున్న తొమ్మిదో మెట్టు కాదు. రాణికి అసలు మెట్టే లేదు, ఆమె ఆ లెక్కలోకే రాదు. రాణి పెళ్ళి చేసుకుని వస్తుంది. పెద్దింటి ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి ఎంచుకుని, తంతు జరిపించి తెస్తారు. మిగతావాళ్ళు, నా భాషలో చెప్పాలంటే, ఉద్యోగంలో చేరినట్టు. ప్రమోషన్లు ఎన్ని వచ్చినా ఉద్యోగి ఉద్యోగే. పెళ్ళిపీట మీదకి ప్రమోషన్ ఉండదు.

అయినా రాజు తల్చుకుంటే? అదే రాజు ఒకసారి తల్చుకున్నాడు. చ్వే కంటే ముందు జాంగ్ అని ఒకావిడ ఉండేది. దుబాసీల కుటుంబం, అంటే మధ్యతరగతి. ఆవిడకి కొడుకు పుట్టాక రాజు తన పెళ్ళాన్ని, అంటే అసలు రాణిని, ఇంటికి పంపేసి 1690లో ఈవిడకి కిరీటం పెట్టాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి మనసు మారి పాత రాణిని మళ్ళీ తెచ్చుకున్నాడు, జాంగ్‌ని దించేశాడు. పాత రాణి 1701లో జబ్బుతో పోతే, జాంగ్ చేతబడి చేయించిందని నింద వేసి విషం తాగించాడు. ఆ పెళ్ళీ ఆయన ఇష్టమే, ఈ విషమూ ఆయన ఇష్టమే. ఆ ఏడే ఒక ఆజ్ఞ కూడా వేశాడు: ఇకమీదట మెట్ల మీద ఉన్న ఏ ఆడదీ రాణి కావడానికి వీల్లేదని. అప్పటికి మన చ్వే అన్నిటికంటే పై మెట్టు మీద, కొడుకుతో సహా, కూర్చుని ఉంది. తలుపు సరిగ్గా ఆవిడ ముఖాన పడింది. మరుసటి ఏడు రాజుగారికి వేరే ఇంటి అమ్మాయితో పెళ్ళి చేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించారా? ఇంతసేపూ నేను ప్రేమ గురించి ఏమీ చెప్పలేదు. సీరియల్ వాళ్ళు అరవై భాగాలూ దాని మీదే లాగుతారు, వెన్నెల, మంచు, వేణువు పెట్టి. బాగానే ఉంటుంది, నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ అంతఃపురంలో ఎవరి స్థానం ఏమిటో తెలియాలంటే రాజు ఎవరిని ఎలా చూస్తున్నాడో చూడక్కర్లేదు, ఆవిడ కొడుకుని పనివాళ్ళు ఏమని పిలుస్తున్నారో వినాలి. అక్కడ రాణి కొడుకుని తేగున్ అంటారు, మిగతావాళ్ళ కొడుకు ఒట్టి గున్. "తే" అంటే పెద్ద. ఒక్క అక్షరం తేడా, అంతే. ఆ అక్షరం లేకుండానే పెరిగాడు చ్వే కొడుకు.

మన నాటకాలు ఈ చిక్కుని ఎలా విప్పుకున్నాయో చెప్పనా? ఎక్కువ మంది కవులు తొండి చేశారు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో మాళవిక పెద్దరాణి దగ్గర నాట్యం నేర్చుకునే పరిచారిక. రాజు మనసు పడతాడు, రాణులు మండిపడతారు, ఆఖరికి విదర్భ నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు ఈమెని చూసి "అయ్యో, మా రాకుమారి!" అంటారు. రత్నావళిలోనూ ఇదే కథ. సాగరిక అనే దాసి చివరికి సింహళ రాజు కూతురని తేలుతుంది. కవి ప్రేమనీ గెలిపించాలి, అంతఃపురాన్నీ నొప్పించకూడదు, అందుకని పనిపిల్లకి చివరి అంకంలో ఒక రాజుని తండ్రిగా తెచ్చి తగిలించేస్తాడు. నాకు ఇది నచ్చదు. నిజంగా దాసి అయినదాని గతేమిటి? ఆమాట అడిగితే కాళిదాసుని అనేంతదానివా అని మీ తాతయ్య విసుక్కునేవారు.

ఆ మాట అడిగే ధైర్యం చేసింది మృచ్ఛకటికం రాసిన శూద్రకుడు. అందులో వసంతసేన ఉజ్జయినిలో వేశ్య. నాటకం అయిపోయేదాకా వేశ్యే, ఏ రాజూ మా అమ్మాయి అంటూ రాడు. డబ్బంతా పోగొట్టుకున్న చారుదత్తుణ్ణి ఇష్టపడుతుంది. అతనికి పెళ్ళాం ఉంది, చిన్న కొడుకున్నాడు. ఆ పిల్లాడు పక్కింటి వాడి బంగారు బండి చూసి, నాకీ మట్టి బండి వద్దని ఏడుస్తుంటాడు. ఆ ఇంటి దాసి వాడికి వసంతసేనని చూపించి, ఈవిడ నీకు అమ్మరా అంటుంది. వాడేమంటాడో తెలుసా? "అబద్ధం! మా అమ్మయితే ఇన్ని నగలు ఎందుకుంటాయి?" అంటాడు. వసంతసేన ఏడుస్తూ ఆ నగలన్నీ ఒలిచి, ఇదిగో ఇప్పుడు మీ అమ్మనయ్యాను అని మట్టి బండి నిండా పోసేస్తుంది. ఆ నాటకానికి పేరొచ్చింది ఆ మట్టి బండి వల్లే.

చివర ఉజ్జయినికి కొత్త రాజు వస్తాడు, ఆర్యకుడని. ఆయన ఆమెకి ఊరు ఇవ్వలేదు, బంగారం ఇవ్వలేదు. వధువు అనే మాట ఇస్తున్నానని కబురు పంపాడు. వచ్చినవాడు ఆమె తల మీద మేలిముసుగు కప్పాడు. అంతే, అక్కణ్ణించి ఆమె ఇల్లాలు. ఒక రాజు నోటి మాట ఆమె స్థానాన్ని మార్చేసింది. తమాషా ఏమిటంటే, ఆ రాజు కూడా మొన్నటిదాకా గొల్ల పిల్లాడు. పాత రాజుని చంపి గద్దె ఎక్కాడు. తన స్థానమే ఇంకా కుదురుకోనివాడు ఇంకొకరికి స్థానం ఇచ్చాడు. చిన్నోడా, దీని మీద నువ్వు కాసేపు ఆలోచించు. నేను నలభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను.

నాటకాల్లోనే కాదు, నిజంగానూ జరిగింది, అదీ మన దగ్గరే. శ్రీకృష్ణదేవరాయలు ఉన్న రోజుల్లోనే విజయనగరం వచ్చిన పోర్చుగీసు వాడు పేస్ రాశాడు. రాయలవారికి పెళ్ళాడిన భార్యలు పన్నెండు మంది, అందులో ముఖ్యులు ముగ్గురు, ఆ ముగ్గురి కొడుకులే రాజ్యానికి వారసులు. ఆ ముగ్గురిలో ఇద్దరు రాజుల కూతుళ్ళు. మూడో ఆవిడ వేశ్య. రాజు కాకముందు నుంచీ ఆయనకి ఆవిడంటే ఇష్టం, నువ్వు రాజువైతే నన్ను పెళ్ళాడాలని మాట తీసుకుందట. ఆయన మాట తప్పలేదు. తరవాత వచ్చిన నూనిజ్ అనే మరో పోర్చుగీసు వాడు ఆవిడ పేరు చిన్నాదేవి అని రాశాడు. నాకు పేస్ రాసినదాంట్లో అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. ఆ ముగ్గురికీ సిరిసంపదల్లో ఒకరికి ఎంతో మరొకరికీ అంతేనట, పొరపొచ్చాలు రాకూడదని.

పరాయి దేశం వాడి మాట మనకెందుకు అంటారేమో. 1513లో రాయలు తిరుమల వెళ్ళినప్పుడు ఆయన మరో రాణి తిరుమలదేవి ఒక బంగారు గిన్నె, చిన్నాదేవి ఒక బంగారు గిన్నె స్వామికి ఇచ్చారని అక్కడ శాసనం ఉంది. 1515లో కొండవీడు గెలిచాక రాణులిద్దరినీ వెంటబెట్టుకుని మన అమరావతి వచ్చి, అమరేశ్వరుడి దగ్గర తులాపురుష దానం చేశాడు, రాణుల చేతా మహాదానాలు చేయించాడు. తక్కెట్లో ఒక పక్క రాజు, ఒక పక్క బంగారం. పక్కన ఇద్దరు రాణులు. రాయి మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దండ మార్చుకున్న ఫోటోకీ, రిజిస్టర్లో రాసిన పేరుకీ ఉన్న తేడా అది.

పోయిన ఏడు తిరుమలలో మహాద్వారం దాటగానే కుడి పక్క చేతులు జోడించి నిలబడ్డ రాగి విగ్రహాలు చూపించాను, గుర్తుందా? చిన్నోడు లడ్డూ ఎప్పుడిస్తారని నా కొంగు లాగుతున్నాడు, అందుకని చెప్పడం కుదరలేదు. మధ్యలో రాయలు, అటూ ఇటూ ఆ ఇద్దరే.

ఇక కొరియా సంగతి తేల్చేస్తాను. జాంగ్ కొడుకు రాజయ్యాడు, నాలుగేళ్ళకే పోయాడు. తరవాత 1724లో మన చ్వే కొడుకు యోంగ్‌జో గద్దె ఎక్కాడు. అప్పటికి తల్లి పోయి ఆరేళ్ళు. నీళ్ళు మోసిన దాని కొడుకని చాటున అనుకునేవాళ్ళు అనుకుంటూనే ఉన్నారు. ఆయన మరుసటి ఏడే తల్లికి గుడి కట్టించాడు. అక్కడ సమాధులకీ మెట్లుంటాయి. రాజుకీ రాణికీ అయితే నుంగ్, ఆ కింద వోన్, ఆ కింద మ్యో. తల్లి సమాధి మ్యోగా ఉండేది. దాన్ని వోన్ చేయడానికి రాజై ఇరవై తొమ్మిదేళ్ళు ఆగాల్సి వచ్చింది, 1753 దాకా. యాభై రెండేళ్ళు ఏలాడు ఆయన. అయినా నుంగ్ అనే మాట తల్లికి ఇప్పించుకోలేకపోయాడు. రాజే కదా, ఎవరు అడ్డం అన్నావే, అదీ సంగతి.

ఇంకోటి. రాజుల్నీ యువరాజుల్నీ కని కూడా రాణులుగా నిలవలేకపోయిన ఏడుగురి గుళ్ళు సియోల్లో ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. చ్వేది అందులోనే, జాంగ్‌దీ అందులోనే. సీరియల్ అంతా జుట్టు జుట్టు పట్టుకున్న ఇద్దరూ ఇప్పుడు ఇరుగుపొరుగు.

మా ఆఫీసుకి వచ్చిన ఆవిడ ఏమైందని అడుగుతారు, నాకు తెలుసు. ఆవిడకి పెన్షన్ రాలేదు. మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్ళి 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు. కానీ అదే చట్టం పదహారో సెక్షన్ ఆ పెళ్ళిలో పుట్టిన పిల్లల్ని సక్రమ సంతానం అనే అంటుంది. మన దగ్గర గున్ లేదు, తేగున్ లేదు. అందుకని ఆ పిల్లాడి పేరు మీద అర్జీ రాయించాను. తండ్రి పేరు అన్న గడి దగ్గర ఆవిడ ఒక క్షణం ఆగింది. పిల్లాడే పెన్ను తీసుకుని, నాలుక కొన బయటపెట్టి, గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాశాడు.

దసరా సెలవులకి రండి. అమరావతి బస్సు ఎక్కితే గంట పైచిలుకు ప్రయాణం. గుడి లోపల ఉక్కపోతగా ఉంటుంది, చిన్నోడికి నూలు చొక్కా పెట్టమని మీ అమ్మతో చెప్పండి. ఫోను ఛార్జరు ఇక్కడే వదిలేశారు, బియ్యం డబ్బా పక్కనే ఉంది.

మీ
అమ్మమ్మ