బేస్తారం సంగతి

తిరుమల వెంకన్న కళ్లు మామూలు రోజుల్లో సరిగా కనపడవు. పెద్ద నామం కప్పేసి ఉంటుంది. గురువారం నగలు తీసి, నామం సన్నం చేస్తారు. అదే నేత్ర దర్శనం. మా అవ్వ మాత్రం ‘బేస్తారం దర్శనం’ అనేది. చేపలు పట్టే బెస్తవాళ్లకు, ఆ రోజుకు ఏదో సంబంధం ఉందనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

అసలు మాట బృహస్పతివారం. నోళ్లలో నలిగి బేస్తవారమైంది, మా అవ్వ దగ్గరికొచ్చేసరికి ఇంకొంచెం అరిగింది. కోస్తావాళ్లు లక్ష్మివారం అంటారు. తిరుపతి బస్టాండులో వేలూరు బస్సు దగ్గర నిలబడితే ‘వియాళక్కిళమై’ వినిపిస్తుంది. వియాళన్ అన్నా గురుగ్రహమే.

బుధవారం తర్వాత గురువారమే ఎందుకు రావాలి? పాతకాలపు జ్యోతిషులు గ్రహాలను నడక వేగాన్ని బట్టి పేర్చారు. అందరికన్నా నిదానం శని. తర్వాత గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. గంటకొకరు చొప్పున ఏలుబడి, సూర్యోదయం గంట ఎవరిదైతే రోజుకు వాళ్ల పేరు. బుధుడితో మొదలుపెట్టి వేళ్ల మీద లెక్కపెట్టండి. మూడు చుట్లు తిరిగితే 21 గంటలు. మిగిలిన మూడూ బుధుడికి, చంద్రుడికి, శనికి పోతాయి. మర్నాడు తెల్లారేసరికి వంతు గురుడిది!

ఈ పద్ధతి గ్రీకు, రోమన్ల వైపు నుంచి జ్యోతిషంతో పాటు మనకొచ్చింది. పంచాంగంలో రోజూ చూసుకునే ‘హోర’ గ్రీకు మాట, ఇంగ్లీషు ‘అవర్’కు తోబుట్టువు. అంతకుముందు మనకు తిథీ నక్షత్రమే. మన దేశపు శాసనాల్లో వారం పేరు మొదట కనిపించేది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో, క్రీ.శ. 484లో. అదీ గురువారమే. ‘సురగురు దివసం’ అని చెక్కారు.

నాకు తమాషాగా అనిపించేది ఇంకొకటుంది. రోమన్లకు ఇది జూపిటర్ రోజు. జూపిటర్ పిడుగుల దేవుడు కాబట్టి ఉత్తర ఐరోపావాళ్లు తమ పిడుగుల దేవుడు థోర్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. థర్స్‌డే అలా పుట్టింది. జర్మన్‌లో అయితే నేరుగా ఉరుము రోజు, డోనర్‌స్టాగ్. వాళ్లు దేవుణ్ణి చూసి పేరు మార్చుకున్నారు, మనవాళ్లు ఆకాశంలో గ్రహాన్ని చూసి పెట్టుకున్నారు. ఆ గ్రహం మనకు దేవతల పంతులుగారు బృహస్పతి. పిడుగు లెక్కన పోయుంటే వజ్రాయుధం పట్టినవాడికి దక్కేది. మా అవ్వ ఇంద్రవారం దర్శనానికి కొండెక్కేది.