డబ్బుండీ చేతికి రాని రోజు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పద్దెనిమిదేళ్లుగా ఇన్సూరెన్స్ ఏజెంటుగా ఉన్నాను. పాలసీలు అమ్మడం మూడు నెలల్లో వచ్చేసింది. మిగతాదంతా ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ల దగ్గర నిలబడి నేర్చుకున్నాను. అక్కడ కంగారుపడే వాళ్లలో చాలామందికి ఎక్కడో ఒకచోట డబ్బుంటుంది. ఆ పూటకు చేతికి రాదంతే.

అపోహ: "చీటీ ఉందిగా, అవసరమైతే పాడుకుంటాను."

వాస్తవం: మా వైపు ఎవరిని అడిగినా ఇదే మాట. నేనూ చీటీలు వేస్తాను, కాబట్టి తిట్టను. లెక్క మాత్రం చూడండి. 5 లక్షల చీటీ, నెలకు 20 వేలు, 25 నెలలు. నాలుగో నెలలో అవసరం పడింది. పాట నెలకోసారే. మీలాగే అవసరమున్నవాళ్లు ఇంకో ఇద్దరుంటే లక్షన్నర దాకా తగ్గించి పాడాల్సి రావచ్చు. మిగిలేది మూడున్నర లక్షలు. అదీ వెంటనే ఇవ్వరు. మిగతా వాయిదాలకు జామీనుదారులు కావాలి, వాళ్ల జీతం కాగితాలు కావాలి. జామీను సంతకం అనగానే బావగారు కూడా ఫోనెత్తడు. చీటీ పెళ్లికో, ఇంటి స్లాబుకో పనికొస్తుంది. ఆపదకు మాత్రం కనీసం మూడు నెలల ఇంటిఖర్చు ఫోన్లోనే రద్దు చేసుకోగలిగే ఎఫ్‌డీలో విడిగా ఉండాలి.

ప్లాటు సంగతి చెప్పక్కర్లేదు. బంగారం నయం, కుదువపెట్టిన పూటే డబ్బొస్తుంది. కాకపోతే బ్యాంకు లాకరు ఆదివారం తెరవరు.

అపోహ: "3 లక్షల పాలసీ ఉంది, 3 లక్షల దాకా బిల్లు వాళ్లే కడతారు."

వాస్తవం: గది అద్దెకు పరిమితి ఉందేమో ముందు చూడండి. చాలా పాత పాలసీల్లో రోజుకు బీమా మొత్తంలో 1 శాతం అని ఉంటుంది. 3 లక్షలకు 3,000 అన్నమాట. నాన్నకు ఏసీ ఉండాలని 6,000 గది తీసుకున్నారనుకోండి. రోజుకు మూడు వేలేగా తేడా అనిపిస్తుంది. కానీ కోత గది దగ్గర ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీల్లో కూడా సగమే ఇస్తారు. మందులు, పరీక్షలు, స్టెంటు లాంటివాటి మీద ఈ కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో చెప్పింది. వాటి దగ్గర కూడా కోత కనిపిస్తే ఊరుకోకండి, అడగండి.

అపోహ: "షుగర్ ఉందని చెప్తే పాలసీ ఇవ్వరు."

వాస్తవం: ఈ సలహా ఇచ్చేది మా ఏజెంట్లే, సిగ్గుపడాల్సిన విషయం. చెప్తే ప్రీమియం పెరగొచ్చు, ఆ జబ్బుకు క్లెయిము కోసం మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. దాస్తే ఏమవుతుంది? అడ్మిషన్ రోజు డ్యూటీ డాక్టరు అడుగుతాడు, పేషెంటే "ఎనిమిదేళ్లుగా షుగర్ సార్" అంటాడు. అది కేస్ షీటులోకి ఎక్కుతుంది. క్లెయిము అక్కడే ఆగుతుంది.

అపోహ: "కంపెనీ ఇన్సూరెన్స్ చాలు."

వాస్తవం: ఉద్యోగంతో పాటే పోతుంది. వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో రాజీనామాకు ముందే అడగండి.

అపోహ: "మా ఆవిడకు అన్నీ తెలుసు."

వాస్తవం: ఇలా అన్నవాళ్ల ఇంట్లో ఆయన్ను కాసేపు మాట్లాడొద్దని చెప్పి, ఆమెను అడుగుతాను: "అమ్మా, ఎఫ్‌డీ ఏ బ్యాంకులో ఉంది? సార్ ఫోన్ లాక్ తెలుసా?" మొన్న ఒకావిడ బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో రెండు పాలసీ బాండ్లు, ఒకటి ఎప్పుడో ల్యాప్స్ అయింది. అడుగున పాసుబుక్కు. ఏటా మే నెలాఖర్లో 436 రూపాయలు కట్ అవుతున్నాయి. బ్యాంకు చార్జీలనుకున్నారట ఇద్దరూ. అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి, 2 లక్షల జీవిత బీమా. మర్నాడు బ్యాంకుకెళ్లి కనుక్కుంటే నామినీగా ఆయన తల్లి పేరుంది. ఆమె పోయి నాలుగేళ్లయింది.