మిను సామి కాదు, మునిసామి: పాత సైనిక రికార్డుల చేతిరాతపై అపోహలు, వాస్తవాలు

ఉద్యోగం చేసినన్నాళ్లూ రిజిస్టర్లు రాశాను. రిటైరయ్యాక తిరుపతిలో ఇంట్లో కూర్చుని, వందేళ్ల కిందట ఇంకో గుమాస్తా రాసిన రిజిస్టర్లు చదువుతున్నాను. మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనిక రికార్డులను స్కాన్ చేసి పెడతారు. వాటిలోని చేతిరాత పేర్లను నాలాంటి వాలంటీర్లు వరసవరసగా టైపు చేస్తారు. డబ్బులేమీ రావు, కళ్లజోడు పవర్ మాత్రం పెరిగింది. "ఏం సార్, ఇంకా ఆ గీతలే చూస్తా ఉండారా?" అని పక్కింటాయన రోజూ అడుగుతాడు. ఆయనా, ఇంకొందరూ నాతో అనే మాటలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: మన వైపు నుంచి ఎవరూ పోలేదు, సైన్యమంటే మిలటరీ మాధవరమే.

పశ్చిమ గోదావరి మాధవరానికి ఆ పేరు ఊరికే రాలేదు. కాదనను. కానీ పలమనేరు దాటి కాస్త ముందుకు పోతే వచ్చే బెంగళూరే మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళానికి కేంద్రం. అందులో తెలుగువాళ్లూ తమిళులూ కలిసి పనిచేశారు. మనవాళ్లు కనిపించకపోవడానికి ఒక కారణం, మనం 'చిత్తూరు' అని మాత్రమే వెతకడం. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చేరినవాడి వివరాల్లో జిల్లా ఉత్తర ఆర్కాటు అని ఉంటుంది. మదనపల్లె వాడిదైతే కడప. తిరుత్తణి యుద్ధం నాటికి చిత్తూరు జిల్లాలో ఉండేది, 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. తిరుపతి జిల్లా పుట్టింది 2022లో కాబట్టి ఆ పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

అపోహ: తెలుగు వచ్చినవాడికి ఇదెంత పని!

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం.

అప్పటి ఇంగ్లీషు కలిపిరాతలో యు, ఎన్, ఐ అన్నీ నిలువు గీతలే. పెద్ద ఎం తర్వాత ఐదు గీతలు కనిపిస్తాయి. ఐ మీది చుక్క ఎక్కడో పక్కకు ఎగిరిపోయి ఉంటుంది. ఒక విదేశీ వాలంటీరు దాన్ని 'మిను' అని చదివాడు. లెక్క ప్రకారం తప్పు లేదు, గీతలు సరిపోయాయి. కానీ మన ప్రాంతంలో వీధికో మునిసామి ఉంటాడని ఆయనకు తెలియదు కదా. ఇలాంటి చోట మన చెవి పనికొస్తుంది.

అదే చెవి నన్ను ఒకసారి ముంచింది. 'చెంగల్‌రాయ్' అని స్పష్టంగా రాసి ఉంది. పాపం గుమాస్తాకు తెలియక కుదించాడులే అనుకుని, 'చెంగల్రాయుడు' అని పూర్తి చేశాను. అదే పేజీ చదివిన ఇంకో వాలంటీరు ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. రెండూ కలవక పరిశీలకుల దగ్గరికి పోయింది. వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆయన తమిళుడైతే?" నిజమే, చెంగల్వరాయన్ కూడా అయి ఉండొచ్చు. మా సరిహద్దు తాలూకాల్లో రెండు భాషలూ ఒకే వీధిలో వినిపిస్తాయి. ఆ మనిషి ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో నేను తేల్చేశానన్నమాట! చదవడానికి తెలుగు వాడుకోవచ్చు, రాయడానికి మాత్రం కాదు. స్వామిని 'సామీ' అని సాగదీసి డబ్ల్యూ, వై తగిలించి ఉంటే అలాగే కొట్టాలి. మన ఊహకు వేరే గడి ఉంటుంది.

అపోహ: కరణాల గొలుసుకట్టు రాత చదివినవాళ్లకు ఇది ఎడమచేతి పని.

ఓపిక అలవాటవుతుంది, అంతే. ఇక్కడి చిక్కులు వేరు. వరసలో పైనున్నదే మళ్లీ వస్తే 'డీ, ఓ' అని రెండక్షరాలు పెట్టి వదిలేసేవారు, 'పైదే' అని అర్థం. కొత్తగా చేరిన ఒక అబ్బాయి, "అన్నా, 'డో' అనే ఊరు ఏ తాలూకాలో ఉంది? అందరూ అక్కడివాళ్లే!" అని మెసేజ్ పెట్టాడు. నవ్వాను గానీ, మొదటి వారం నేనూ అదే చేశాను.

అపోహ: ఏఐ చదివేస్తుంది, మీకెందుకు టెన్షన్?

చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్ నేనూ వాడతాను. వాక్యాల దగ్గర బాగానే పనిచేస్తుంది, ముందు మాటను బట్టి వెనక మాట ఊహిస్తుంది. పేర్ల పట్టీలో అలా ఊహించడానికి ఏమీ ఉండదు. తప్పు కూడా నీటుగా టైపు చేసి ఇస్తుంది, అదే చిరాకు.

అపోహ: పేర్లన్నీ స్మారకాల రాళ్ల మీద చెక్కే ఉన్నాయి కదా.

ఇరాక్‌లోని బస్రా యుద్ధ స్మారకం సంగతి తెలిసినప్పటి నుంచి ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1929లో కట్టిన ఆ స్మారకం మీద 40 వేలకు పైగా మృతుల లెక్క ఉంది. అధికారుల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిలను మాత్రం రెజిమెంటు కింద ఇంతమంది అని అంకె వేసి సరిపెట్టారు. ఇలాంటి వివక్షకు, ఈ స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 ఏప్రిల్‌లో క్షమాపణ చెప్పింది. రాతి మీద పేరు లేనివాడికి మిగిలేది కాగితం మీద పేరే. ఆ పేరునూ మనం తప్పు కొడితే?

అపోహ: పేరు దొరికింది, ఇక ఆయనే మా తాత.

తొందరపడొద్దు. అప్పట్లో సిపాయిలకిచ్చే నంబర్లు ఏ రెజిమెంటువి దానివే. ఒకే నంబరుతో వేరే రెజిమెంట్లలో వేరే మనుషులుంటారు. పేరు, నంబరు, రెజిమెంటు, తండ్రి పేరు, ఊరు... ఇందులో మూడైనా కలవందే నేను ఎవరికీ మాటివ్వను. పక్కింటాయనకూ ఇవ్వలేదు. ఆయన ఇంకా అలిగే ఉన్నాడు.

అపోహ: చదవలేకపోతే ఏదో ఒకటి కొట్టాలి.

అక్కర్లేదు. అర్థం కాని అక్షరం దగ్గర ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పోవచ్చు. నిన్న రాత్రి చూసిన పేజీలో ఒక పేరు మీద సిరా ఒలికి ఉంది. మొదట వి కనిపిస్తోంది, చివర సామి. మధ్యలో వెంకట అయి ఉంటుందని నా చెయ్యి దురద పెట్టింది. వీర, వడివేల్ కూడా ఆ మచ్చలో పడతాయి. వి, ప్రశ్న గుర్తు, సామి అని కొట్టాను. ఊరి గడిలో 'డీ, ఓ' ఉంది. పై వరసకు పోయి చూస్తే చంద్రగిరి.